పాత లాగ్‌బుక్కుల్లోంచి సముద్రాన్ని గీసినవాడు

1842లో అమెరికా నేవీ ఒక కుంటి లెఫ్టినెంట్‌ని వాషింగ్టన్‌లోని ఒక చిన్న ఆఫీసులో కూర్చోబెట్టింది. ఆ ఆఫీసు పేరు డిపో ఆఫ్ చార్ట్స్ అండ్ ఇన్‌స్ట్రుమెంట్స్. పేరు పెద్దదే గానీ పని స్టోర్‌కీపర్ పని. బయల్దేరే ఓడలకి మ్యాపులు, గడియారాలు ఇవ్వడం, తిరిగొచ్చినవి లెక్క చూసి తీసుకోవడం. అక్కడ ఒక మూల వందల కొద్దీ పాత లాగ్‌బుక్కులు కుప్పగా పడి ఉండేవి. ఏ ఓడ ఏ రోజు ఎక్కడుంది, గాలి ఎటు వీచింది, ప్రవాహం ఎటు లాగింది, అన్నీ వాటిలో రాసి ఉన్నాయి. ప్రయాణం అయిపోయాక ఆ పుస్తకంతో ఎవరికీ పని లేదు. అటకెక్కిన పరీక్ష పేపర్ల లాంటివే అవి.

ఆ లెఫ్టినెంట్ పేరు మాథ్యూ ఫాంటెయిన్ మౌరీ. (నిజానికి మోరీ అని పలకాలట. అలా రాస్తే మన హైదరాబాద్ బ్యాచ్ నవ్వడం ఆపరు కాబట్టి మౌరీ అనే రాస్తున్నా.) ఇవాళ మనం ఓషన్ డేటా అనే మాట చాలా మామూలుగా వాడేస్తున్నాం. గాలిమరలు సముద్రంలో ఎక్కడ పాతాలి, కేబుల్ ఏ దారిన వెయ్యాలి, ఓడలు ఏ లైన్‌లో పోవాలి అని నిర్ణయించే ముందు అందరూ చూసేది అదే. ఆ ఆలోచనని ఒక పద్ధతిగా మార్చిన మొదటివాళ్ళలో ఈయన పేరు ముందుంటుంది. ఈయన జీవితంలో మెచ్చుకోవడం కుదరని భాగం కూడా ఒకటుంది. అది దాచి రాస్తే అబద్ధం రాసినట్టే.

1806 జనవరి 14న వర్జీనియాలో పుట్టాడు. ఐదేళ్ళప్పుడు కుటుంబం టెనెసీకి వెళ్ళి వ్యవసాయంలో పడింది. అన్న జాన్ నేవీలో చేరి, ఎల్లో ఫీవర్ సోకి సముద్రం మీదే చనిపోయాడు. దాంతో తండ్రికి నేవీ అంటేనే పడేది కాదు. ఈయనకేమో చెట్టు మీంచి పడి దెబ్బ తగిలి, పొలం పనికి పనికిరాడని బడికి పంపడం వల్ల చదువు అబ్బింది. లెక్కల మీద ఇష్టం ఒక చెప్పులు కుట్టే ముసలాయన వల్ల కలిగిందని తనే చెప్పుకునేవాడు. ఆయన కుట్టి పంపే బూట్ల అడుగున ఎక్స్‌లు, వైలు గీకి ఉండేవట. 1825లో, 19 ఏళ్ళ వయసులో, తండ్రికి ఇష్టం లేకపోయినా మిడ్‌షిప్‌మన్‌గా చేరాడు.

అప్పటికి అమెరికాలో నేవీ కాలేజీ లేదు. ఓడ మీదే నేర్చుకోవాలి, నేర్పేవాడుంటే. మౌరీ డ్యూటీలో అటూఇటూ నడుస్తూ ఫిరంగి గుండ్ల మీద చాక్‌పీసుతో గోళ త్రిభుజాలు గీసుకుని చదివేవాడని చెబుతారు. గుండు కూడా గోళమే కదా, నోట్‌బుక్ కంటే మేలు. 1830లో విన్సెన్స్ అనే ఓడ మీద ప్రపంచమంతా చుట్టి వచ్చాడు. అమెరికా యుద్ధనౌకల్లో భూమిని చుట్టిన మొదటిది అదే.

ఆ మరుసటి ఏడు ఫాల్‌మౌత్ ఓడకి సెయిలింగ్ మాస్టర్ అయ్యాడు, అంటే దారి చూపే బాధ్యత ఈయనదే. దక్షిణ అమెరికా కొసన కేప్ హార్న్ చుట్టూ తిరిగి పసిఫిక్‌లోకి పోవాలి. ఓడలని మింగే చోటు అది. అక్కడి గాలుల గురించి, ప్రవాహాల గురించి చదువుదామని న్యూయార్క్‌లో వెతికితే పనికొచ్చేదేమీ దొరకలేదు. అన్ని వందల ఓడలు వెళ్ళొచ్చిన దారి గురించి ఒక్క కాగితం లేదు! ఒక్కో కెప్టెన్‌కి తెలిసింది ఆయన బుర్రలోనే ఉండి, ఆయనతోనే పోయేది. తన సొంత అనుభవం మీద కేప్ హార్న్ గురించి ఒక వ్యాసం రాసి 1834లో అచ్చు వేయించాడు. రెండేళ్ళకి నావిగేషన్ మీద టెక్స్ట్‌బుక్ కూడా రాశాడు.

1839 అక్టోబర్‌లో ఒహాయోలో ఆయన ఎక్కిన గుర్రబ్బండి రాత్రిపూట బోల్తా పడింది. కుడి కాలు దెబ్బతిని, సరిగ్గా అతుక్కోలేదు. 33 ఏళ్ళకే ఓడ ఎక్కే యోగం పోయింది. మంచం మీద ఉండి హ్యారీ బ్లఫ్ అనే మారుపేరుతో నేవీలో ఉన్న దండగ ఖర్చుల్ని, అధికారుల బద్ధకాన్ని ఉతికి ఆరేస్తూ వ్యాసాలు రాశాడు. అసలు పేరు బయటికి వచ్చాక శత్రువులూ మొదలయ్యారు. అలా మూడేళ్ళు గడిచాక వచ్చిన ఉద్యోగమే మనం మొదట చెప్పుకున్న స్టోర్ ఉద్యోగం.

ఇప్పుడు ఆ కుప్ప దగ్గరికి వద్దాం, నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

మౌరీ చేసింది చెప్పడానికి చాలా సింపుల్. సముద్రాన్ని ఐదు డిగ్రీల అక్షాంశం, ఐదు డిగ్రీల రేఖాంశం చొప్పున గళ్ళుగా విడగొట్టాడు. ఒక్కో గడికి, ఒక్కో నెలకి, పదహారు దిక్కుల్లో ఏ దిక్కు నుంచి ఎన్నిసార్లు గాలి వీచినట్టు లాగ్‌బుక్కుల్లో ఉందో లెక్కపెట్టించాడు. గాలి లేకుండా ఓడ ఆగిపోయిన సందర్భాలు కూడా లెక్కే. ఇదంతా చేత్తోనే, గుమస్తాల్ని, కుర్ర ఆఫీసర్లని కూర్చోబెట్టి. పైథాన్‌లో మనం గ్రూప్‌బై అని ఒక లైను రాసేది వాళ్ళకి సంవత్సరాల పని. చివరికి వచ్చిన చార్టులో గడి గడికీ ఒక హిస్టోగ్రామ్ ఉంటుందన్నమాట. ఫిబ్రవరిలో ఈ గడిలోకి వెళ్తే ఎదురుగాలి తగిలే అవకాశం ఎంత అనేది కెప్టెన్ వేలు పెట్టి చూసుకోవచ్చు.

ఇంకో రకం చార్టు మీద ఓడలు వెళ్ళిన దారుల్నే గీశారు. శీతాకాలానికి నలుపు, వసంతానికి ఆకుపచ్చ, వేసవికి ఎరుపు, శరత్తుకి నీలం. గాలి ఎటు వీచిందో చూపించడానికి తోకచుక్క తోక లాంటి చిన్న గుర్తులు. చూస్తే ఎవరో సముద్రం మీద రంగు దారాలు పారబోసినట్టుంటుంది, కానీ దగ్గరగా చూస్తే ప్రతి దారం ఒక కెప్టెన్ పడిన కష్టం.

మొదటి చార్టులు 1847లో వచ్చాయి. మొదట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. అనుభవం ఉన్న కెప్టెన్‌కి ఆఫీసులో కూర్చున్న కుంటివాడు గీసిన కాగితం ఎందుకు? అప్పట్లో అమెరికా నుంచి రియో వెళ్ళే ఓడలు బ్రెజిల్ మొనకి దూరంగా, దాదాపు ఆఫ్రికా దాకా తూర్పుకి వెళ్ళి తిరిగేవి. ఆ మొన దగ్గర ప్రవాహం ఓడని ఒడ్డుకేసి నెట్టేస్తుందని తరతరాల భయం. ఆ భయం అంత పెద్దది కాదని లాగ్‌బుక్కులు చెప్పాయి. 1848లో జాక్సన్ అనే బాల్టిమోర్ కెప్టెన్ ఈ చార్టుని నమ్మి కొంచెం తిన్నగా వెళ్ళాడు. మామూలుగా 55 రోజులు పట్టే ప్రయాణం 38 రోజుల్లో అయిపోయింది. వచ్చేటప్పుడూ అంతే. ఓడ అదే, తెరచాపలు అవే, సరంగులు వాళ్ళే. మారింది సమాచారం ఒక్కటే.

తర్వాత ఎవరినీ బతిమాలాల్సిన పని రాలేదు. ఆయన పెట్టిన బేరం కూడా తెలివైనదే. చార్టులు ఉచితం, కానీ నేనిచ్చే ఫారం మీద నీ ప్రయాణం మొత్తం రోజూ రాసి నాకు పంపాలి. గాలి, ప్రవాహం, నీటి వేడి, బారోమీటర్ అన్నీ. తేదీ, చోటు రాసిన చీటీని సీసాలో పెట్టి సముద్రంలో వెయ్యమని, ఎవరికైనా అలాంటి సీసా దొరికితే ఎక్కడ దొరికిందో రాయమని కూడా అడిగాడు. గూగుల్ మ్యాప్స్ మన ఫోన్ల నుంచి ట్రాఫిక్ తెలుసుకుని మళ్ళీ మనకే చూపిస్తుంది కదా, అదే ఏర్పాటు. తేడా ఏంటంటే ఆ కెప్టెన్లకి తాము ఇస్తున్నదేంటో తెలుసు.

సరిగ్గా అప్పుడే కాలిఫోర్నియాలో బంగారం దొరికింది. న్యూయార్క్ నుంచి కేప్ హార్న్ మీదుగా శాన్‌ఫ్రాన్సిస్కోకి మామూలు ఓడకి ఆరు నెలలు. 1851లో ఫ్లయింగ్ క్లౌడ్ అనే క్లిప్పర్ ఓడ 90 రోజుల లోపే చేరింది. ఆ ఓడకి నావిగేటర్ కెప్టెన్ భార్య ఎలియనోర్ క్రీసీ. మౌరీ చార్టుల్ని ముందేసుకుని దారి లెక్కకట్టింది ఆవిడే. మూడేళ్ళకి అదే ఓడ, అదే ఆవిడ, తమ రికార్డుని ఇంకొన్ని గంటలు తగ్గించారు. చరిత్ర పుస్తకాల్లో ఓడ పేరు పెద్దక్షరాల్లో ఉంటుంది, ఆవిడ పేరు ఎక్కడో కింద.

లాగ్‌బుక్కుల్ని పోగేసే ఆలోచన మౌరీ ఒక్కడిదే అనుకోకండి. ఆ రోజుల్లోనే కలకత్తాలో హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన బంగాళాఖాతం తుఫానుల్లో చిక్కుకున్న ఓడల లాగ్‌బుక్కులు సేకరించి తుఫాను గాలి ఎలా సుడి తిరుగుతుందో గీశాడు. 1839లో మన కోరంగిని ముంచేసిన తుఫాను మీద కూడా ఆయన రాశాడు. సైక్లోన్ అనే మాట పెట్టింది ఆయనే. మౌరీ గొప్పతనం సేకరించడంలో కంటే, అందరూ ఒకే ఫారం మీద రాసేలా చెయ్యడంలో ఉంది. 1853లో బ్రస్సెల్స్‌లో పది దేశాల వాళ్ళని కూర్చోబెట్టి, సముద్రం మీద ఏం కొలవాలి, ఎలా రాయాలి అని ఒప్పించాడు. యుద్ధం వచ్చినా ఈ రాతలు ఆగకూడదని కూడా అక్కడ అనుకున్నారు. డేటా ఫార్మాట్ ఒకటే ఉండాలని కొట్టుకునే మన ప్రాజెక్టు గ్రూపులు ఈ ఒక్క విషయానికైనా ఆయనకి దండం పెట్టాలి.

తిమింగలాల చార్టు కూడా వేశాడు. ఏ గడిలో ఏ నెలలో వేటగాళ్ళు ఎన్ని రోజులు వెతికారు, అందులో ఎన్ని రోజులు తిమింగలం కనపడింది అని రెండూ పక్కపక్కనే. వెతికిన రోజులు లేకుండా కనపడిన రోజులు మాత్రమే ఇస్తే మోసపోతామని ఆయనకి తెలుసు. ఇవాళ హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ నుంచి మన జాలర్లకి చేపలు ఎక్కడ దొరకొచ్చో రోజూ సూచనలు వెళ్తున్నాయి. ఇప్పుడు శాటిలైట్లు ఉన్నాయి గానీ ప్రశ్న మాత్రం పాతదే. అయితే ఆ చార్టు తిమింగలాలకి ఏం మేలు చేసిందో వేరే చెప్పక్కర్లేదు.

1854లో ఆర్కిటిక్ అనే ప్రయాణికుల స్టీమర్ పొగమంచులో ఇంకో ఓడని గుద్దుకుని మునిగిపోయింది. వందల మంది పోయారు. మరుసటి ఏడే మౌరీ అట్లాంటిక్ మీద స్టీమర్లకి రెండు లైన్లు గీశాడు, వెళ్ళేవాళ్ళకి ఒకటి, వచ్చేవాళ్ళకి ఒకటి. నీళ్ళ మీద డివైడర్ పెట్టినట్టు. కంపెనీలన్నీ కలిసి అలాంటి లైన్లని ఒప్పుకోవడానికి మాత్రం ఇంకో నలభై ఏళ్ళు పట్టింది. ఎవరికి వాళ్ళకి దగ్గర దారే కావాలి.

పైన గాలి అయిపోయాక కింద నేల. అప్పటిదాకా లోతు సముద్రం అడుగు ఎలా ఉంటుందో ఎవరికీ తెలీదు. సన్నటి దారానికి ఫిరంగి గుండు కట్టి వదిలేవారు. చిక్కేంటంటే, గుండు అడుగు తాకాక కూడా ప్రవాహం దారాన్ని లాగుతూనే ఉంటుంది. ఎక్కడ ఆగిందో తెలీదు. మౌరీ ప్రతి వంద ఫాథమ్‌ల దారం దిగడానికి ఎంత సేపు పట్టిందో రాయించాడు. ఫాథమ్ అంటే మన జాలర్లు చెప్పే బార లాంటిదే, ఆరడుగులు. గుండు లాగుతున్నప్పుడు ఆ టైము ఒక క్రమంలో పెరుగుతుంది. ప్రవాహం లాగుతున్నప్పుడు ఇంచుమించు ఒకేలా ఉంటుంది. గ్రాఫు ఎక్కడ విరిగితే అక్కడే అడుగు. ఇంత చిన్న ట్రిక్కు! ఆయన కింద పనిచేసే జాన్ బ్రూక్ అనే కుర్ర ఆఫీసర్ ఇంకో ముందడుగు వేశాడు. గుండుకి రంధ్రం చేసి దాంట్లోంచి కడ్డీ దూర్చాడు. అడుగు తాకగానే గుండు ఊడిపోతుంది, కడ్డీ ఒక్కటే కొంచెం బురదతో పైకొస్తుంది.

ఆ కొద్దిపాటి కొలతలతోనే 1854లో ఉత్తర అట్లాంటిక్ అడుగు మ్యాపు వేశాడు. సముద్రం మధ్యలో నేల కాస్త ఎత్తుగా ఉన్నట్టు దాంట్లో కనిపిస్తుంది. బురదని మైక్రోస్కోప్ కింద పెడితే ఇసుక లేదు, చిన్న చిన్న గవ్వల్లాంటి జీవుల పెంకులు, అవీ విరక్కుండా ఉన్నాయి. విరగలేదంటే అడుగున నీళ్ళు ప్రశాంతంగా ఉన్నాయని అర్థం. ఐర్లాండ్‌కీ న్యూఫౌండ్‌ల్యాండ్‌కీ మధ్య టెలిగ్రాఫ్ తీగ వేస్తే తెగదు అని నేవీ సెక్రటరీకి రాశాడు. అప్పుడే సైరస్ ఫీల్డ్ అనే వ్యాపారి ఇదే సంగతి అడుగుతూ ఆయనకి ఉత్తరం రాశాడు. 1858లో వేసిన కేబుల్ మూడు వారాలు పనిచేసి చచ్చిపోయింది. మరీ ఎక్కువ వోల్టేజీ పెట్టడం దాన్ని తొందరగా చంపింది, ఈఈఈ వాళ్ళు గమనించగలరు. 1866లో వేసింది నిలబడింది.

1855లో రాసిన ద ఫిజికల్ జాగ్రఫీ ఆఫ్ ద సీ పుస్తకం ఆయన్ని ప్రపంచమంతా తెలిసేలా చేసింది. కానీ ఇక్కడే ఆయన బలహీనత కూడా బయటపడింది. లెక్కపెట్టినంత కాలం ఆయన మాటకి తిరుగులేదు. ఎందుకలా జరుగుతుంది అని చెప్పబోయినప్పుడు మాత్రం తడబడేవాడు. ఉత్తర ధ్రువం చుట్టూ మంచు లేని సముద్రం ఉందని గట్టిగా నమ్మాడు, అది లేదు. గాలులు భూమధ్యరేఖ దగ్గర ఒకదాన్నొకటి దాటుకుని అవతలికి పోతాయన్నాడు, అదీ తప్పే. విలియం ఫెరెల్ అనే టీచర్ ఈ పుస్తకం చదివి, ఇది కుదరదే అని కూర్చుని లెక్కలు వేస్తే, 1856లో భూభ్రమణం గాలుల్ని ఎలా పక్కకి మళ్ళిస్తుందో చెప్పే వ్యాసం వచ్చింది. తప్పు పుస్తకం వల్ల కూడా లాభమే జరిగింది. పెద్ద శాస్త్రవేత్తలు మాత్రం ఆయన్ని తమలో ఒకడిగా ఎప్పుడూ ఒప్పుకోలేదు. అదే 1855లో కాలు సాకుగా చూపించి నేవీ ఆయన్ని యాక్టివ్ లిస్టు నుంచి తప్పించింది. మూడేళ్ళు పోరాడి కమాండర్ హోదాతో తిరిగొచ్చాడు.

ఇక చెప్పకుండా ఉండలేని భాగం. ఈ మనిషి తన మ్యాపుల్ని బానిసత్వం కోసం కూడా వాడాలని చూశాడు. 1850ల్లో ఆయన బావమరిది హెర్న్‌డన్ అమెజాన్ నదిని సర్వే చేశాడు. దాని వెనక మౌరీ ఆలోచన ఉంది. అమెరికా దక్షిణ రాష్ట్రాల యజమానులు తమ బానిసల్ని తీసుకుని అమెజాన్‌కి తరలిపోతే స్వదేశంలో గొడవ తగ్గుతుందని ఆయన ప్లాను. మనుషుల్ని సరుకులా ఒక గడి నుంచి ఇంకో గడికి జరపడం. గాలి లెక్కల్లో అంత జాగ్రత్తగా ఉన్న బుర్ర ఇక్కడ వాళ్ళని లెక్కలోకే తీసుకోలేదు. కాలం అలాంటిది అని కొందరంటారు. అదే కాలంలో, అదే దేశంలో, బానిసత్వాన్ని ఎదిరించి ప్రాణాలిచ్చినవాళ్ళూ ఉన్నారు కాబట్టి ఆ మాట నాకు సరిపోదు.

1861 ఏప్రిల్ 17న వర్జీనియా విడిపోయింది. మూడు రోజులకి, 19 ఏళ్ళుగా తను పెంచిన ఆఫీసుని వదిలి, రాజీనామా ఇచ్చి దక్షిణాది పక్షాన చేరాడు. సముద్రాన్ని భద్రంగా చెయ్యడానికి బతికిన మనిషి ఇప్పుడు నీళ్ళలో మందుపాతరలు పెట్టడం మొదలెట్టాడు. రిచ్‌మండ్‌లో బంధువుల ఇంట్లో నీళ్ళ తొట్టిలో ప్రయోగాలు చేసి, కరెంటుతో పేల్చే మైన్లు తయారుచేశాడు. 1864లో జేమ్స్ నదిలో కమడోర్ జోన్స్ అనే ఓడ అలాంటి మైను వల్లే ముక్కలైంది. అప్పటికి ఆయన ఇంగ్లండ్‌లో ఉండి దక్షిణాదికి ఓడలు కొంటున్నాడు. కొడుకు జాన్ 1863లో విక్స్‌బర్గ్ దగ్గర కనపడకుండా పోయాడు, ఇక దొరకలేదు. వాషింగ్టన్‌లో ఆయన చార్టుల ప్రచురణ ఆపేశారు. అవి దండగ అని పాత ప్రత్యర్థులు సలహా ఇచ్చారు.

ఓడిపోయాక సొంత దేశానికి వెళ్తే అరెస్టు చేస్తారని మెక్సికోకి పోయి, అక్కడి చక్రవర్తి మాక్సిమిలియన్ దగ్గర వలసల కమిషనర్‌గా కొన్నాళ్ళు ఉన్నాడు. దక్షిణాది వాళ్ళకి అక్కడో కాలనీ కట్టాలనుకున్నాడు, కాలేదు. మళ్ళీ ఇంగ్లండ్. 1868లో తిరిగొచ్చి వర్జీనియా మిలిటరీ ఇన్‌స్టిట్యూట్‌లో ఫిజిక్స్ ప్రొఫెసరయ్యాడు. ఓడలకి చేసినట్టే రైతులకి కూడా వాతావరణం, పంటల సమాచారం ఒకచోట పోగు చెయ్యాలని ఊరూరా తిరిగి మాట్లాడాడు. ఆ తిరుగుడులోనే ఆరోగ్యం పాడై 1873 ఫిబ్రవరి 1న చనిపోయాడు. గోషెన్ కనుమలో అడవి పూలు పూసే కాలంలో తన శవాన్ని ఆ దారిన తీసుకెళ్ళమని కోరాడు. నెలల తర్వాత రిచ్‌మండ్‌కి తీసుకెళ్ళి పాతిపెట్టారు.

ఆయన పోయిన పదేళ్ళకి అమెరికా పైలట్ చార్టుల్ని మళ్ళీ మొదలెట్టి, వాటి మీద ఆయన పరిశోధనే పునాది అని అచ్చు వేసింది. రిచ్‌మండ్‌లో 1929లో పెట్టిన ఆయన విగ్రహాన్ని 2020లో దించేశారు. నేవల్ అకాడమీలో ఆయన పేరున్న భవనానికి 2023లో పేరు మార్చారు. అదే ఏడు ఆయన పేరున్న సముద్ర సర్వే ఓడకి మేరీ థార్ప్ అని పేరు పెట్టారు. మౌరీ మ్యాపులో అట్లాంటిక్ మధ్య కాస్త ఎత్తుగా కనిపించిన ఆ నేల నిజానికి ఒక పెద్ద పర్వతశ్రేణి అని, దాని నడినెత్తిన లోయ ఉందని 1950ల్లో గీసి చూపించింది ఆవిడే. మౌరీ పోగేసిన లాగ్‌బుక్కుల్ని మాత్రం ఎవరూ పారెయ్యలేదు. అవన్నీ కంప్యూటర్లోకి ఎక్కించారు. 19వ శతాబ్దంలో సముద్రం మీద గాలి, వేడి ఎలా ఉండేవో తెలుసుకోవాలనుకునే క్లైమేట్ సైంటిస్టులు ఇప్పటికీ ఆ అంకెల్నే తెరుస్తున్నారు.